కత్తెర చేతులు మారిన కథ

ఆ రోజు మేం అయిదుగురం కూర్చున్నాం. హైదరాబాదులో ఒక ఇరానీ హోటల్. టేబుల్ మీద చాయ్ కప్పులు, పక్కన కాగితాల కట్ట. తెలుగులో రాస్తున్న ముస్లింల కవితలు, కథలు ఒకచోట వేద్దామని ఊరూరికీ ఉత్తరాలు రాస్తే వచ్చిన కట్ట అది. బాబ్రీ మసీదు కూలి ఇంకా ఎన్నో ఏళ్లు కాలేదు. మన మాట మనమే చెప్పుకోవాలి, మన గురించి ఎవరో రాయడం ఇక చాలు అన్న పట్టుదల మీదున్నాం.

కట్టలో ఒక కథ దగ్గర చెయ్యి ఆగింది. ఒక చిన్న పట్నం నుంచి ఒక ఆపా పంపిన కథ. మూడు మాటలతో ఇంట్లోంచి గెంటించుకుని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, జమాత్ పెద్దల ముందు నిలబడ్డ ఆడమనిషి కథ. భాష మోటుగా ఉంది. అందులోని నిజం ఇంకా మోటుగా ఉంది.

"కథ బాగుంది భాయ్. కానీ ఇప్పుడా?" అన్నాడొకడు.

"మనింటి గుట్టు మనమే బజార్న పెట్టుకుందామా? మసీదు కూలగొట్టినవాళ్లు రేపు ఈ కథనే మైకుల్లో చదువుతారు" అన్నాడింకొకడు.

నేనేమీ అనలేదు. అయిదుగురమూ మగవాళ్లమే. కథ కట్ట అడుగుకు పోయింది. అది ఎందుకు పోయిందో ఆపాకి ఒక కార్డు ముక్క కూడా రాయలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి, మన ముందుతరాల వాళ్లు ఇలాంటి కట్టల ముందు కూర్చుని ఏం చేశారో చదువుకుంటూ పోయాను. పదిమందీ కలిసి మాట్లాడుకునే చోట ఏ మాట ఉండాలి, ఏ మాట పోవాలి, అది ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్న మాతో మొదలు కాలేదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కత్తెర ఒక్కరి చేతిలోనే లేదు. సర్కారు చేతిలో ఉంది, మతపెద్దల చేతిలో ఉంది, చివరికి కత్తెరకు బలైనవాళ్ల చేతికే వచ్చింది. ఆ కథే ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

1924లో లాహోరులో ప్రవక్త మీద నీచమైన పుస్తకం ఒకటి అచ్చయింది. పేరు 'రంగీలా రసూల్'. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద కేసు నడిచింది. కింది కోర్టులో శిక్ష పడింది గాని, 1927లో లాహోరు హైకోర్టు కొట్టేసింది. రాసింది చెడ్డదే, అయితే ఉన్న చట్టంలో దీనికి సరిపడే సెక్షను లేదన్నది కోర్టు మాట. ముస్లింలు భగ్గుమన్నారు. ఆ ఏడే కేంద్ర శాసనసభ శిక్షాస్మృతిలో 295ఎ అనే కొత్త సెక్షను చేర్చింది. కావాలని, దురుద్దేశంతో ఒక వర్గం మత భావాల్ని అవమానిస్తే నేరం. అంతటితోనూ ఆగ్రహం చల్లారలేదు. 1929లో ఒక యువకుడు రాజ్‌పాల్‌ని పొడిచి చంపాడు.

ఆ బిల్లు మీద చర్చ జరుగుతున్నప్పుడు జిన్నా ఒక హెచ్చరిక చేశాడు. చట్టం కావాలన్నాడు. కానీ చరిత్ర రాసేవాళ్లు, సత్యం వెతికేవాళ్లు, నిజాయితీగా మతాన్ని విమర్శించేవాళ్లు దీని కింద నలగకుండా చూడాలన్నాడు. ఆ మాట ఎంత అవసరమో అయిదారేళ్లకే తేలింది. మనల్ని తిట్టినవాడి కోసం తెచ్చిన సెక్షను మన పిల్లల పుస్తకం మీదనే వచ్చి పడింది.

ఆ పుస్తకం పేరు 'అంగారే'. అంటే నిప్పుకణికలు. 1932 చివర్లో లక్నోలో అచ్చయింది. తొమ్మిది కథలు, ఒక నాటిక. రాసింది నలుగురు. సజ్జాద్ జహీర్ కథలు అయిదు, అహ్మద్ అలీవి రెండు, మహ్మూదుజ్జఫర్‌ది ఒకటి. మిగిలిన ఒక కథ, ఒక నాటిక రషీద్ జహాన్‌వి. నలుగురూ ముస్లింలే, నలుగురూ పాతికేళ్ల అటూ ఇటూ వయసువాళ్లే. అందరూ మంచి కుటుంబాల పిల్లలు. రషీద్ జహాన్ అయితే అలీగఢ్‌లో ముస్లిం ఆడపిల్లల కోసం 1906లో బడి పెట్టిన షేక్ అబ్దుల్లా కూతురు. ఢిల్లీలో చదివి డాక్టరయింది.

ఏముంది ఆ పుస్తకంలో? రషీద్ జహాన్ కథలో ఒక మొగుడు ఢిల్లీ చూపిస్తానని పెళ్లాన్ని తీసుకెళ్తాడు. స్టేషన్లో దోస్తు కనబడగానే ఆమెను సామాన్ల మీద కూర్చోబెట్టి పోతాడు. బుర్ఖాలో ఆమె సామాన్లలో ఒక సామానై, వచ్చేపోయేవాళ్ల చూపుల మధ్య కూర్చుంటుంది. ఆమె చూసిన ఢిల్లీ అంతే. ఆమె నాటికలో ఇద్దరు ఆడవాళ్లు పర్దా వెనక కూర్చుని మాట్లాడుకుంటారు. కాన్పు మీద కాన్పుతో చితికిన ఒళ్లు, కొత్త పెళ్లాం తెచ్చుకుంటాడేమోనన్న భయం. ఒక లేడీ డాక్టరు రోజూ వినే మాటలే అవి. అహ్మద్ అలీ కథలో చలికాలపు వానలో కారే కప్పు కింద పిల్లల్ని పొదువుకున్న పేదరాలు రాత్రంతా మేలుకుంటుంది. సజ్జాద్ జహీర్ కథ ఒకదాంట్లో ఒక మౌల్వీ పుణ్యరాత్రి ఇబాదత్‌లో కునుకు పట్టి స్వర్గంలో హూరీల కల కంటాడు.

ఆ కల దగ్గరే గొడవ లేచింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మసీదుల్లో ఉపన్యాసాలు జరిగాయి. లక్నోలో షియా కాన్ఫరెన్సు పెద్దలు పుస్తకాన్ని ఖండించి, నిషేధించమని సర్కారును కోరారు. 1933 మార్చి 15న యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వం 295ఎ కింద పుస్తకాన్ని నిషేధించింది. దొరికిన ప్రతులన్నీ తగలబెట్టారు. మిగిలినవి అయిదే ప్రతులు. వాటిలో కొన్ని లండను చేరాయి. మన ముస్లింల పుస్తకం ముస్లింలకు దొరక్కుండా దొరల బీరువాలో భద్రంగా ఉంది!

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కారే కప్పు కింద కూర్చున్న పేదరాలి కథ మతానికి ఏం అపచారం చేసింది? స్టేషన్లో సామానైపోయిన ఆడమనిషి ఎవరి విశ్వాసాన్ని దెబ్బ తీసింది? ఎవరూ అడగలేదు. ఒక మౌల్వీ కల కోసం పది రచనల్నీ కాల్చేశారు. నిషేధానికి వివరం అక్కర్లేదు. అది పేజీ చూడదు, అట్ట చూస్తుంది.

దెబ్బ నలుగురికీ సమానంగా తగల్లేదు. మగవాళ్లను తిట్టారు. రషీద్ జహాన్‌ని మాత్రం ఎత్తుకుపోతామని, ముఖం పాడుచేస్తామని బెదిరించారు. 'అంగారేవాలీ' అని పేరు పెట్టారు. మౌల్వీని ఎక్కిరించింది ఆమె కాదు. ఆమె చేసిన నేరం ఆడవాళ్ల ఒంటి నొప్పిని పేరు పెట్టి చెప్పడం. ఆమె భయపడలేదు, డాక్టరీ మానలేదు, రాయడం మానలేదు.

పుస్తకంలో లోపాల్లేవా? ఉన్నాయి. సజ్జాద్ జహీర్ తర్వాతి కాలంలో తన జ్ఞాపకాల్లో తానే ఒప్పుకున్నాడు, ఆ కథల్లో నిదానం తక్కువ, కోపం ఎక్కువని. కుర్రతనపు దూకుడు ఉంది. దానికి జవాబుగా ఇంకో పుస్తకం రాయొచ్చు, నిలదీయొచ్చు, చీల్చి చెండాడొచ్చు. పోలీసుల్ని పిలవడం మాత్రం జవాబు కాదు. తెల్లదొరను తీసుకొచ్చి మన పిల్లల నోరు మూయించుకున్నాక, ఆ దొరే రేపు మన నోరు మూస్తే అడిగే హక్కు ఎక్కడ మిగులుతుంది?

1933 ఏప్రిల్ 5న అలహాబాదు 'లీడర్' పత్రికలో మహ్మూదుజ్జఫర్ పేరుతో ఒక ప్రకటన వచ్చింది. మేం క్షమాపణ చెప్పబోవడం లేదు, పుస్తకం తన కాళ్ల మీద తాను నిలబడుతుంది లేదా పడిపోతుంది, మేం కాపాడుకోవాల్సింది ఇలాంటివి రాసే హక్కును అన్నది దాని సారాంశం. అభ్యుదయ రచయితలంతా ఒక సంఘంగా కావాలన్న మాట కూడా అందులోనే ఉంది. ఆ మాటే పెరిగి 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ అయింది. తెలుగులో 1943లో తెనాలిలో పుట్టిన అరసం ఆ చెట్టు కొమ్మే. మన అరసం పెద్దలు ఈ వేరు గురించి చెప్పింది తక్కువ. నలుగురు ముస్లింల నిషిద్ధ పుస్తకంతో కూడా ఆ సంఘం కథ ముడిపడి ఉందని ఎంతమంది తెలుగు అభ్యుదయవాదులకు తెలుసు?

నోరు మూయించబడ్డవాళ్లు కట్టుకున్న ఇల్లు కదా, అందులో అందరికీ చోటు ఉంటుందనుకుంటాం. అక్కడే అసలు పాఠం ఉంది.

1945 అక్టోబరులో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ మన హైదరాబాదులో జరిగింది. బొంబాయి నుంచి రచయితలు రైల్లో వచ్చారు. ఆ ప్రయాణాన్ని, ఆ సభల్ని కృష్ణ చందర్ 'పౌదే' పేరుతో రాసిపెట్టాడు. ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' మీద, మంటో కథల మీద లాహోరులో అశ్లీలం కేసులు నడుస్తున్న కాలమది. అభ్యుదయ రచయితలంటే బూతు రాసేవాళ్లన్న ముద్ర పడుతోంది. ముద్ర కడుక్కోవడానికి అశ్లీలాన్ని ఖండిస్తూ ఒక తీర్మానం పెట్టారు. డాక్టర్ అబ్దుల్ అలీమ్ ప్రతిపాదించాడు. బయటివాళ్లు వేలెత్తి చూపిస్తున్నారు, ముందే మనం శుభ్రమైతే సరిపోతుంది అన్న ఆలోచన. మా ఇరానీ హోటల్ టేబుల్ దగ్గర వినబడిన ఆలోచన కూడా అదే.

అప్పుడు లేచి అడ్డుపడింది ఎవరు? కుర్ర కమ్యూనిస్టు కాదు. మౌలానా హస్రత్ మొహానీ. 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం ఇచ్చిన మనిషి. 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వరాజ్యం కావాలని పట్టుబట్టిన మనిషి. నమాజు తప్పనివాడు, పలుమార్లు హజ్ చేసినవాడు, కృష్ణుడి మీద కవిత్వం రాసినవాడు. గడ్డం నెరిసిన ఆ గజల్ కవి, శృంగారాన్ని కవిత్వంలోంచి తీసేయమంటే తాను ఒప్పుకోనన్నాడు. ఖాజీ అబ్దుల్ గఫార్ ఆయన వైపు నిలబడ్డాడు. తీర్మానం నెగ్గలేదు.

ఈ సంఘటన నాకు చాలా ఇష్టం. మౌలానా అనగానే ఫత్వా గుర్తొచ్చేవాళ్లకు ఇది చెప్పాలి. సభలో అందరికన్నా మతనిష్ఠ ఉన్న మనిషే అందరికన్నా స్వేచ్ఛ వైపు నిలబడ్డాడు. మూఢత్వం గడ్డంలోనూ ఉండదు, ఎర్రజెండాలోనూ ఉండదు. కత్తెర చేతికొచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడన్న దాంట్లో ఉంటుంది.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆ గాలి మారిపోయింది. దేశం రెండయింది. 1948లో కమ్యూనిస్టు పార్టీ తీవ్రమైన దారి పట్టింది. 1949 మేలో బొంబాయి దగ్గర భివండీలో అభ్యుదయ రచయితలు సభ జరిపి కొత్త ప్రణాళిక రాసుకున్నారు. 1936 నాటి విశాలమైన పందిరి ఇరుకైపోయింది. అదే ఏడు నవంబరులో లాహోరులో పాకిస్తాన్ శాఖ ఇంకో అడుగు ముందుకేసింది. తమతో రానివాళ్లను ప్రగతినిరోధకులని పేరు పెట్టి, వాళ్ల రచనలు అభ్యుదయ పత్రికల్లో వెయ్యకూడదని తీర్మానించింది. ఆ వెలిలో మంటో ఉన్నాడు.

మంటో! సర్కారు కోర్టుల చుట్టూ తిప్పుతున్న మనిషి. అప్పటికి సంఘానికి ప్రధాన కార్యదర్శి అహ్మద్ నదీమ్ కాస్మీ. మంటో 'ఖోల్ దో' వేసినందుకే కాస్మీ సంపాదకత్వంలోని 'నుకూష్' పత్రికను ప్రభుత్వం ఆరు నెలలు ఆపేసింది. ఏ రచయిత కోసం తన పత్రిక నోరు మూతపడిందో, ఆ రచయితకే తన సంఘం తలుపు మూసింది. 1954లో పాకిస్తాన్ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని, దాంతోపాటు ఆ సంఘాన్నీ నిషేధించింది. మర్నాటేడు జనవరిలో మంటో చచ్చిపోయాడు. ఆ వెలి తొందరపాటని తర్వాత వాళ్లలోనే కొందరు బాధపడ్డారు. మంటో వినడానికి లేడు.

ఈ కథంతా ఉత్తరాదిదే గదా అనుకోవద్దు. మన తెలంగాణలో ఇంతకన్నా పెద్ద మౌనం ఉంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా, కన్నడ, తెలంగాణ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి విచారించడానికి పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా. సర్కారు నివేదికను తొక్కిపెట్టింది. చాలా కాలం అది బయటివాళ్ల చూపుకు అందలేదు. సర్కారు తొక్కింది సరే, మనం ఎందుకు మాట్లాడలేదు? మాట్లాడితే రజాకార్ల పక్షం అంటారన్న భయం. నానీలు గుసగుసగా చెప్పిన కథల్ని అక్షరం చెయ్యడానికి భయపడ్డాం. సెక్యులర్ మిత్రులూ రాయలేదు. రాస్తే మతతత్వవాదులు వాడుకుంటారన్నారు. రజాకార్ల దౌర్జన్యమూ నిజమే, ఆ తర్వాతి ఊచకోతా నిజమే. ఒక నిజాన్ని కాపాడటానికి ఇంకో నిజాన్ని పాతిపెట్టనక్కర్లేదు.

చూశారా? "శత్రువు వాడుకుంటాడు" అన్న మాట ఒక్కటే ఇన్ని పనులు చేసింది. అది తలాఖ్ పడ్డ ఆపా నోరు మూసింది. చచ్చిపోయిన తాత పేరు కూడా మూసింది. మనలోని తప్పు చెప్పనివ్వలేదు, మనకు జరిగిన తప్పూ చెప్పనివ్వలేదు.

తెలుగులో మన మాట గట్టిగా వినబడటం మొదలైంది 1990లలోనే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. ఆ రోజుల్లో మాకు రెండు కత్తెరల మధ్య ఊపిరాడేది కాదు. పెద్ద పత్రికల వాళ్లు, అందులో సెక్యులర్ పెద్దలు కూడా, పర్దా మీద రాయండి, తలాఖ్ మీద రాయండి, సంస్కరణ రాయండి అనేవాళ్లు. బాబ్రీ గురించి రాస్తే మతం వాసన వస్తోందనేవాళ్లు. మనవాళ్లేమో బాబ్రీ గురించి రాయండి, తలాఖ్ జోలికి పోకండి అనేవాళ్లు. సగం ముస్లింని వాళ్లు అడిగారు, మిగతా సగాన్ని వీళ్లు అడిగారు. నిండు మనిషిని ఎవరూ అడగలేదు.

ఫలితం ఏమైంది? ఆడవాళ్ల గోడు మన పేజీలో మనం వెయ్యలేదు. అది వేరేచోట, వేరేవాళ్ల నోట వినబడింది. 2017లో సుప్రీంకోర్టు ఒక్క ఊపులో చెప్పే మూడు తలాఖ్‌లు చెల్లవంది. 2019లో పార్లమెంటు దాన్ని మగవాడికి జైలు శిక్ష వేసే నేరం చేసింది. ఆ చట్టం తెచ్చినవాళ్ల ప్రేమ ఎలాంటిదో మనకు తెలియదా? తెలుసు. కానీ ఇరవై ఏళ్ల ముందే మన ఆపాల కథల్ని మన సంకలనాల్లో, మన మసీదుల ముందు మనమే చదివి ఉంటే, ఆ అవకాశం వాళ్లకు అంత తేలిగ్గా దొరికేదా? గుట్టు దాచుకున్నామనుకున్నాం. తాళం చెవిని పరాయివాడి చేతిలో పెట్టాం.

అలాగని ఏ కట్టుబాటూ లేని పేజీ కావాలని నేను అనడం లేదు. 'రంగీలా రసూల్' లాంటి దానికి మన పేజీలో చోటివ్వమని ఎవరూ అడగరు. సంపాదకుడంటే ఎంచుకునేవాడే. ఎంచుకోవడానికి నియమం ఉండాలి. అది ఎలాంటిదై ఉండాలన్నదే ప్రశ్న. ఈ చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఇదీ.

నియమం రచన రాకముందే రాసుకోవాలి. రచన చూసి భయపడ్డాక రాసుకున్నది నియమం కాదు, సాకు. ఆచారాన్ని విమర్శించడం వేరు, మనిషిని కించపరచడం వేరు. మొదటిదానికి తలుపు తెరిచే ఉంచాలి. మనుషుల మీదకు మనుషుల్ని ఉసిగొల్పే రాతకి తలుపు మూయాలి, అది మనవాడు రాసినా సరే. నచ్చని రచనకు జవాబు అదే పేజీలో వెయ్యాలి, దాన్ని తీసేయడం జవాబు కాదు. తిప్పి పంపితే కారణం రాసి పంపాలి. "శత్రువు వాడుకుంటాడు" అన్నది ఒక్కటే ఎప్పటికీ కారణం కాకూడదు. అన్నిటికన్నా ముందు, కత్తెర ఉన్న బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో చూసుకోవాలి. ఆడవాళ్లు ఉన్నారా? దూదేకులవాళ్లు ఉన్నారా? ఉర్దూ రాని ముస్లింలున్నారా? ఒకే రకం వాళ్లు కూర్చున్న బల్ల మీద ఒకే రకం భయం ఉంటుంది.

సర్కారును పిలిచి మనవాళ్ల నోరు మూయించడం మాత్రం ఎన్నడూ వద్దు. 295ఎ పోయింది గాని పోలేదు. 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో అది 299గా కొనసాగుతోంది. ఆ సెక్షను మొదట మనం అడిగి తెచ్చుకున్నదే. అది ఎవరి మీద పడిందో 'అంగారే' చెప్తుంది. ఆ పుస్తకం చావలేదు కూడా. 1995లో ఢిల్లీలో ఉర్దూలో మళ్లీ అచ్చయింది. 2014లో ఇంగ్లీషులోకి ఒకే ఏడు రెండు అనువాదాలు వచ్చాయి. కాల్చమన్న పెద్దల పేర్లు ఈ రోజు ఎవరికీ గుర్తులేవు. స్టేషన్లో సామాన్ల మీద కూర్చున్న ఆడమనిషిని ఇంకా చదువుతున్నారు.

మా ఆపా కథ అలా బతకలేదు. సంకలనం పని అయిపోయాక ఆ కట్ట ఎవరింట్లో ఉందో, ఏ అటక మీద చెదలు తిందో తెలీదు. జిరాక్స్ తీసుకోవాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. ఆ చేతిరాతతో మళ్లీ మాకు ఏ ఉత్తరమూ రాలేదు. మహ్మూదుజ్జఫర్‌కి క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. మాకు ఉంది. ఈ వ్యాసం ఆమె కంటబడుతుందో లేదో గాని, అప్పుడు రాయని కార్డు ఇదే అనుకోండి.

ఇప్పుడు మళ్లీ కొత్తపిల్లలు సంకలనాలు వేస్తున్నారు. వాళ్లకు మేం చెప్పగలిగింది ఒకటే. కట్టలో ఏ కథ దగ్గర మీ చెయ్యి ఆగిందో, ఆ కథను ముందు పైన పెట్టి చదవండి. చదివాక ఏం చేసినా, రాసిన మనిషికి చెప్పి చేయండి.